ఇంకొకరి బిళ్ళ

నాగరత్నకు భయం వేయడానికి పెద్ద కారణం అక్కర్లేదు. మారికుప్పం బండి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఆమె మనసులో ఆ బండి పట్టాలు తప్పేది, కూతురు మంజు ఏ ఆసుపత్రి వరండాలోనో పడి ఉండేది, తాను తలుపుకు తాళం కూడా వేయకుండా పరుగెత్తుతూ ఉండేది. ఇంతలో మంజు భుజాన సంచీ ఊపుకుంటూ సందు మలుపు తిరిగి వచ్చేది.

"ఏమ్మా, గుమ్మంలో నిలుచుకోనుండావు?"

"సుమ్నే, ఊరికే" అనేది నాగరత్న. అని, లోపలికి వెళ్ళి పొయ్యి మీద గిన్నె పెట్టిందాక ఆమె భయం తగ్గేది కాదు.

బంగారు గని మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. జీతాలు పోయాయి, సైరను పోయింది, మనుషుల్ని కిందికి దించే షాఫ్టు మీది చక్రాలు తుప్పుపట్టి ఆగిపోయాయి. గని పెట్టిన భయం ఒక్కటి మాత్రం గని కూలీల ఆ లైన్ ఇండ్లను ఖాళీ చేయలేదు. నాగరత్న మామగారు గోవిందప్ప పద్దెనిమిదో ఏట రాయల్పాడు దగ్గరి ఊరు విడిచివచ్చి, ముప్పై ఏళ్ళు భూమి కింద పనిచేసి బయటపడ్డ మనిషి. భర్త బెంగుళూరులో వాచ్‌మన్, ఆదివారం ఆదివారం వస్తాడు. అంత పొడవు లైనులో డిగ్రీ చివరి సంవత్సరం దాకా వచ్చిన పిల్లలు ఇద్దరే. ఒకతె మంజు, ఇంకొకతె నాలుగిండ్ల అవతలి జాయ్స్ కూతురు సెలీనా. బెంగుళూరు కాలేజీలో ఇద్దరూ ఒకటే క్లాసు, తెల్లవారుజామున ఒకటే బండి, ఒకటే సీటు.

నాగరత్న చదువు ఏడో తరగతి. తెలుగు చక్కగా చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుంది గానీ, కూడబలుక్కున్న తర్వాత అవేం చెప్పాయో తెలియదు. అంకెలు మాత్రం ఎవరి భాషవైనా అర్థమవుతాయి. అందుకే ఆ రోజు ఆమె ఫోనుకు కాలేజీ నుంచి మెసేజు వచ్చినప్పుడు అందులో పద్దెనిమిది, డెబ్బై అయిదు అనే రెండు అంకెలు కంటపడ్డాయి. చీరలకు ఫాల్సు కుడుతున్న మిషను ఆపి, నాలుగిండ్లు దాటి సెలీనా చేతికి ఫోను ఇచ్చింది.

"చదువమ్మా. ఏమైంది? యాడైనా యాక్సిడెంటా?"

సెలీనా నవ్వింది. "యాక్సిడెంటు లేదు, ఏం లేదు ఆంటీ. స్టాటిస్టిక్స్ సారు పాఠాలన్నీ రికార్డు చేసి పోర్టల్‌లో పెట్టినారు. నలభై నాలుగుండాయి. మంజు ఎనిమిదే చూసింది, అంటే పద్దెనిమిది శాతం. డెబ్బై అయిదు దాటకుంటే హాల్ టికెట్ ఇయ్యరంట. అందరికీ పంపినారు, మా అమ్మకి కూడా వచ్చింది."

"అయ్యో, హాల్ టికెట్ ఇయ్యకపోతే?"

"చూస్తుంది లే ఆంటీ, ఇంగా టైముంది. వీడియో ఆడిస్తే, ఎంత చూసినామో చూపించే గీత దానికదే ముందుకి పోతుంది. మీరు బేజారు చేసుకోవద్దండి."

సెలీనా చెప్పినవాటిలో ధైర్యం చెప్పే మాటలు గాలికి పోయాయి. 'వీడియో ఆడిస్తే గీత దానికదే ముందుకి పోతుంది' అన్న ఒక్క ముక్క మాత్రం నాగరత్న కొంగున ముడివేసుకుని ఇంటికి వచ్చింది.

మంజునే అడిగి ఉంటే సరిపోయేది. పరీక్షల ముందు సెలవుల్లో నోట్సు రాసుకుంటూ వరసగా అన్నీ చూడాలని ఆ పిల్ల గోడ మీది క్యాలెండరులో తారీకులు కూడా గుర్తు పెట్టుకుంది. కానీ అడిగితే మంజు విసుక్కుంటుందని నాగరత్న భయం. అడక్కపోతే ఏమవుతుందో అదీ భయం. హాల్ టికెట్ రాదు, ఏడాది పోతుంది, పిల్ల ఇంట్లో కూర్చుంటుంది, ఈ లైనులో కూర్చున్న పిల్లల గతి ఏమైందో ఆమె ఒక్కొక్కరి పేరూ పెట్టి చెప్పగలదు. ఆ రాత్రికి మంజు బతుకు మొత్తం ఆమె కళ్ళముందు బూడిదైపోయింది. పిల్లేమో పక్కన ఆదమరచి నిద్రపోతూ ఉంది.

ఆ ఫోను అంతకుముందు మంజుదే. అద్దం పగిలితే మూల పడేయకుండా తల్లికిచ్చి తాను వేరేది కొనుక్కుంది. మంజు పేరుతో పోర్టల్ అందులో అట్లాగే ఉండిపోయింది, నొక్కితే తెరుచుకుంటుంది. మర్నాడు మంజు బండికి వెళ్ళగానే నాగరత్న ఆ ఫోనును దారపు డబ్బాకు ఆనించి నిలబెట్టి, దేవుడికి దండం పెట్టుకుని, తొమ్మిదో పాఠం నొక్కింది.

తెర మీదికి సుబ్బరాయప్ప సారు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, పలచటి మనిషి, వెనకాల పుస్తకాల బీరువా. ఇంగ్లీషులో ఏదో చెప్పుకుంటూ పోయాడు. నాగరత్న ఫాల్సు కుట్టుకుంటూ పోయింది. నడిమధ్యలో వీడియో ఆగి, ఒక ప్రశ్న, కింద నాలుగు వరసలు వచ్చాయి. ఏదో ఒకటి నొక్కితే గానీ ముందుకు పోనంటుంది. నాగరత్న పైవరస నొక్కింది. సారు మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టాడు. ముప్పావు గంటకు పాఠం అయింది, పేజీ అడుగున ఎర్రగా ఉన్న గీత ఒక్క వెంట్రుక మందం ముందుకు జరిగింది. ఆ వెంట్రుక మందానికే ఆమె ప్రాణం కుదుటపడింది.

రోజుకు నాలుగు, వీలైతే అయిదు. ప్రశ్న వచ్చిన ప్రతిసారీ పైవరసే నొక్కింది. దేంట్లోనైనా మొదటిదే మంచిదని ఆమె లెక్క. మూడోరోజు గుమ్మం పక్కన జగలి అరుగు మీద కూర్చున్న గోవిందప్ప లోపలికి తొంగి చూశాడు.

"ఎవురమ్మా ఇంట్లో? దొర మాట్లాడినట్టుండాది."

"ఎవురూ లేరు మామా. రేడియో."

"మా గని దొరలు ఇంత మెత్తగా మాట్లాడేవాళ్ళు కాదులే" అని ముసలాయన మళ్ళీ ఎండలోకి తిరిగాడు.

మంగళవారం పొద్దున సెలీనా వచ్చింది. జ్వరమని కాలేజీ మానేసింది, వాళ్ళమ్మ మిరియాల కషాయం అడిగి తెచ్చుకోమందట. గుమ్మంలో అడుగుపెట్టేసరికి నాగరత్న ఫోనును గబుక్కున చీరల కుప్ప కిందికి తోసింది. కుప్ప కింద నుంచి సారు గొంతు గొణుగుతూనే ఉంది. సెలీనా కుప్ప వైపు చూసింది, నాగరత్న ముఖం వైపు చూసింది, కషాయం గ్లాసు తీసుకుని వెళ్ళింది.

ఎనిమిది రోజులకు గీత పచ్చబడింది. తొంభై అయిదు. నాగరత్న గంగమ్మకు కొబ్బరికాయ కొట్టింది. మంజు అడిగితే "ఊరికే కొట్టినాను" అంది. పిల్లకు చెప్పాలని నోటిదాకా వచ్చింది గానీ, తెలిస్తే విసుక్కుంటుందేమో, పరీక్షలు కానీ అనుకుంది. మేలు చేసి దాచుకున్నట్టు లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండింది. తర్వాత తలచుకున్నప్పుడు ఆమెను అన్నిటికంటే కాల్చింది ఆ గర్వమే.

గురువారం సాయంత్రం మంజు సంచీ ఊపుకుంటూ రాలేదు. చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు విడిచి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏమైందే? ఏమైందమ్మా?" నాగరత్న గొంతు అప్పుడే ఏడుపులోకి దిగింది.

"నా పేరుతో ఎవురో పాఠాలు చూసేసినారమ్మా. ముప్పై నాలుగు పాఠాలు. మంగళవారం పదకొండు గంటలకి మేము సారు ఎదురుంగానే కూర్చోని టెస్టు రాస్తా ఉండాము. అదే టైములో నా పేరుతో పాఠం ఆడతా ఉండాదంట. 'నువ్వు రెండు చోట్ల ఎట్లుండావమ్మా?' అని అడిగినారు సారు, అందరి ముందర." మంజు చేతివెనకతో ముక్కు తుడుచుకుంది. "ప్రతి పాఠంలో ఒక ప్రశ్న ఉంటుంది. అన్నిటికీ కలిపి ఇరవై మార్కులు. ఒక్కసారి జవాబు నొక్కితే అంతే, మళ్ళా తెరుచుకోదు. అన్నిటికీ మొదటి జవాబే నొక్కిపెట్టినారు. ముప్పై నాలుగిట్లో ఆరు కరెక్టు. దేభ్యం మొహమెవురో!"

నాగరత్న చేతిలో నీళ్ళ చెంబు ఉంది. అది ఇవ్వాలో కింద పెట్టాలో ఆమెకు తెలియలేదు.

"సోమవారం లోపల ఎవురు చూసినారో రాసి ఇయ్యల్లంట. లేకుంటే నేనే మనిషిని పెట్టి చూపించినట్టు. పరీక్ష రాయనియ్యరు. నేను గట్టిగా చెప్పినానమ్మా, నా ఫోను మా ఇంట్లో ఎవురూ ముట్టరు సార్ అని."

అప్పుడు చెప్పాల్సింది. ఆ తర్వాత ఎన్నోసార్లు నాగరత్న ఆ నిమిషం దగ్గరికి వెనక్కి వెళ్ళి, చెంబు కింద పెట్టి, 'నేనేనమ్మా' అని చెప్పుకుంది. ఆ రోజు మాత్రం చెప్పలేదు. మా ఇంట్లో ఎవరూ ముట్టరని పిల్ల అంత నమ్మకంగా చెప్పివస్తే, ఆ నమ్మకాన్ని తానే ఎట్లా తుంచాలి? రేపు చెబుదాం, కాస్త తేరుకున్నాక చెబుదాం అనుకుంది.

అంతలో మంజే అంది, "ఎవురో నాకి తెలుసు. సెలీనా. పోయిన నెల దాని ఫోను చెడిపోతే నా పాస్‌వర్డుతోనే చూసుకున్నింది. మంగళవారం అది ఒక్కతే కాలేజీకి రాలా. జరమంట, జరం! నా మార్కులు పోగొట్టల్లనే చేసింది."

"ఛ, ఆ పిల్ల అట్లాంటిది కాదు..." అంది నాగరత్న.

"మరి ఇంకెవురమ్మా?"

నాగరత్న చెంబు కింద పెట్టింది. అంతే చేసింది.

శుక్రవారం నీళ్ళు వచ్చే రోజు. లైనంతా కొళాయి దగ్గర బిందెలతో ఉన్నప్పుడు మంజు సెలీనాను నిలేసింది.

"ఒక్క మాట అడిగింటే నా నోట్సంతా ఇచ్చేదాన్ని గదా. వెనకనుండి ఎందుకే పొడిచినావు?"

"నేను కాదు మంజూ."

"మరి ఎవురు? నీకి తెలీకుండా ఎవురు?"

సెలీనా కళ్ళు కొళాయి మీద నుంచి, బిందెల మీద నుంచి, వరసలో వెనకగా నిలబడ్డ నాగరత్న మీదికి వచ్చి ఆగాయి. ఒక్క క్షణమే. తర్వాత కిందికి దిగిపోయాయి.

"నాకి తెలీదు" అంది.

జాయ్స్ ఊరుకోలేదు. "ఏమ్మా మంజూ, పట్నం చదువు బాగానే నేర్చుకుంటివి! మా పిల్ల జరంతో కాలిపోతా పడుండింది. మీ ఇంటి కషాయమే తాగింది. అడుగు మీ అమ్మని! మీ సెల్లు నొక్కేదానికి దానికి తీరిక యాడుండింది? ఏం నాగరత్నా, నువ్వైనా చెప్పు!"

అందరూ నాగరత్న వైపు తిరిగారు. "పిల్లలు... వాళ్ళలో వాళ్ళు..." అని ఆమె బిందె ఎత్తుకుంది. బిందె సగమే నిండింది. అది చూసుకోకుండానే నడిచింది.

జగలి మీద నుంచి అంతా విన్న గోవిందప్ప మనవరాలిని పిలిచాడు. "మంజమ్మా, ఎవురి బిళ్ళ ఎవురేసినారో తేలేదాకా నోరు జారొద్దు."

"ఇది నీ గని కాదు తాతా, యూనివర్సిటీ!"

"గని కాకపోతే ఏం? లేని మనిషిని ఉన్నట్టు రాసిపెట్టుకునేది యాడైనా ఒకటే" అన్నాడు ముసలాయన.

ఆ బిళ్ళ కథ నాగరత్నకు కోడలుగా అడుగుపెట్టిన మొదటి ఏడే తెలుసు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ళ. దాని మీద అతని నంబరు. దిగేముందు టైమాఫీసు కిటికీలో ఇస్తే అక్కడి పలక మీద మేకుకు తగిలిస్తారు, పైకి వచ్చాక తీసుకోవాలి. సాయంత్రం మేకుకు బిళ్ళ మిగిలిందంటే మనిషి కింద మిగిలాడని అర్థం. ఒకరోజు బచ్చప్ప అనేవాడు తన బిళ్ళతో పాటు బావమరిది ఆవులప్ప బిళ్ళ కూడా వేశాడు. ఆవులప్ప బేతమంగళలో చుట్టాల పెండ్లికి పోయాడు, హాజరు పోకూడదని ఈ సాయం. మధ్యాహ్నం ఏర్‌బ్లాస్టు అయింది. లోపలి బండ పేలి లైన్లలో గిన్నెలు కిందపడ్డాయి. బచ్చప్పను స్పృహ లేకుండా ఆసుపత్రికి మోసుకుపోయారు. సాయంత్రం పలక మీద ఆవులప్ప బిళ్ళ ఒక్కటి మిగిలింది. అతణ్ణి వెతకడానికి నలుగురు మళ్ళీ దిగారు. ముగ్గురే పైకి వచ్చారు. రాని మనిషి పేరు పెద్దన్న. మర్నాడు పొద్దున ఆవులప్ప తువ్వాలులో పెండ్లి లడ్డూలు మూటగట్టుకుని బస్సు దిగాడు.

"బచ్చప్ప బతికినాడు. ఇరవై ఏండ్లు బతికినాడు" అని ముగించేవాడు గోవిందప్ప. "వాడు మళ్ళా తలెత్తి ఎవురి మొగమూ చూడలా."

ఈ కథ వినీ, నలుగురికి తానే చెప్పీ, నాగరత్న తన చేతులతో ఇంకొకరి బిళ్ళ మేకుకు తగిలించింది. అది ఇప్పుడు సెలీనా మీద పడింది.

శనివారం గడిచింది. ఆదివారం భర్త వచ్చాడు, "ఎవతో ఏమో, పేరు రాసిచ్చేయ్" అని మంజుకు చెప్పి సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. అంతకుముందే, పొద్దున చర్చిలో పూజ ముగిసి వచ్చేదారిలో, సెలీనా కుట్టడానికి ఇచ్చిన జాకెట్టు తీసుకుపోవడానికి గుమ్మం దగ్గర నిలబడింది. తెల్ల చున్నీ తల మీదే ఉంది. మంజు ఇంట్లో లేదు.

నాగరత్న జాకెట్టు మడతపెట్టింది. విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"నీకి తెలుసు కదమ్మా" అంది చివరకు.

"తెలుసు ఆంటీ."

"మరి కొళాయి తావ ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారని చూస్తా ఉండాను."

అంతే. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. జాకెట్టు తీసుకుని, "వస్తాను ఆంటీ" అని చెప్పి మరీ వెళ్ళింది. ఆ పిల్ల చెంపమీద కొట్టిపోయి ఉంటే నాగరత్న అంతకంటే తేలిగ్గా ఊపిరి తీసుకునేది.

సోమవారం తెల్లవారకముందే నాగరత్న తలదువ్వుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. మంజు వింతగా చూసింది.

"నువ్వెందుకమ్మా? రాసుకున్నాను, ఇచ్చేస్తాను. అయిపోతుంది."

"నేనూ వస్తాను."

మారికుప్పం బండిలో సెలీనా వాళ్ళ సీటులో కూర్చోలేదు, పెట్టె అవతలి చివర నిలబడింది. మంజు ఒళ్ళో సంచీ, సంచీలో మడతపెట్టిన కాగితం, కాగితంలో సెలీనా పేరు. చాంపియన్ దాటేటప్పుడు నాగరత్న నోరు తెరిచింది. ఎదురు సీటులో పూలమ్మే ఆమె ఉంది, మూసుకుంది. బంగారుపేటలో జనం దిగారు, మళ్ళీ తెరిచింది. అంతకంటే ఎక్కువ జనం ఎక్కారు. వైట్‌ఫీల్డు వచ్చేసరికి తెరవడం కూడా మానేసింది. ప్రాణాలు పోవడం గురించి అన్నేళ్ళు భయపడింది గానీ, నోటి నుంచి ఒక్క మాట రావడం ఇంత కష్టమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సుబ్బరాయప్ప సారు గది రెండో అంతస్తులో ఉంది. నాగరత్న గుమ్మంలో ఆయన్ను చూసి ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఎనిమిది రోజులు తన దారపు డబ్బా పక్కన కూర్చున్న మనిషి. బాగా తెలిసినవాడిలా ఉన్నాడు, కానీ తాను ఆయనకు ఎవరో తెలియదు.

"రాసి తెచ్చినావా?" అని అడిగాడు సారు.

మంజు కాగితం తీసింది. చేయి బల్ల మీదికి చాచింది.

"అది ఇయ్యొద్దమ్మా" అంది నాగరత్న. ఆమె గొంతు ఆమెకే వేరెవరిదో అనిపించింది. పగిలిన ఫోను కొంగులోంచి తీసి బల్ల మీద పెట్టింది. "నేనే సార్. నేనే చూసినాను. పాపకి తెలీదు. ఆ సెలీనాకి ఏం సంబంధం లేదు. గీత ఎర్రగా ఉంటే భయమైంది సార్, పరీక్ష రాయనియ్యరేమోనని. వీడియో పెట్టుకోని మిషను కుట్టుకున్నాను. పైవరస నొక్కింది కూడా నేనే."

మంజు చేయి గాలిలోనే ఆగిపోయింది. తల్లి వైపు తిరగలేదు.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, మీ బాధ నాకి అర్థమైతుంది. ఏ తల్లైనా పిల్ల కోసం ఇట్లే చెప్తుంది. పోయిన ఏడు ఒకాయన తానే పరీక్ష రాసినానని కూడా చెప్పినాడు. నాకి కావాల్సింది నిజం."

నమ్మలేదు. నాలుగు రోజులు గొంతులో ముల్లులా పెట్టుకుని, పెళ్ళగించి తీసి బల్ల మీద పెడితే, అది అబద్ధమట. నాగరత్నకు నవ్వు వచ్చేంత ఏడుపు వచ్చింది.

"నిజమే సార్!"

"అయితే ఏం చూసినారో చెప్పండి. తొమ్మిదో పాఠంలో ఏముంది?"

"పాఠం నాకి తెలీదు సార్. నేను ఏడే చదివినాను." నాగరత్న కొంగు నలుపుకుంది. "తొమ్మిదో దాంట్లో మీరు నీలం గీతల చొక్కా వేసుకోనుండారు. పైనుండి రెండో గుండీ లేదు. దారం పోగు వేలాడతా ఉండాది. పద్నాలుగో దాంట్లో కూడా అదే చొక్కా, గుండీ అప్పుడూ లేదు. కుట్టేదాన్ని సార్, నాకి అదే కనబడుతుంది. ఇరవైలో పిన్నీసు పెట్టినారు."

సారు చేయి తెలియకుండానే గుండెల మీదికి పోయింది.

"ఇరవయ్యొకటిలో మీకి జలుబు. నాలుగు సార్లు తుమ్మినారు, ప్రతిసారీ సారీ అన్నారు. ముప్పైలో లోపల కుక్కరు కూత పెట్టింది, మీరు వెనక్కి తిరిగి మూడని వేలు చూపించినారు. ముప్పై ఎనిమిదో, తొమ్మిదో, సరిగా జ్ఞాపకం లేదు... ఒక ముసలామె గొంతు 'సుబ్బూ, మాత్ర వేసుకున్నావా' అని అడిగింది. మీరు పాఠం ఆపి, వెనక్కి తిరిగి తల ఊపినారు."

సారు పగిలిన ఫోనును తన వైపు జరుపుకున్నాడు.

"మా అమ్మ" అన్నాడు సారు, ఫోను వైపు చూస్తూ. "ఆ పాఠం అయిన నెలకి పోయింది."

నాగరత్న తల దించుకుంది. తనకు సంబంధం లేని ఇంట్లోకి తొంగి చూసినట్టు కూడా అయింది ఇప్పుడు.

ఆయన చాలాసేపు కాగితాల మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత కన్నడమూ తెలుగూ కలిపి నెమ్మదిగా చెప్పాడు. పరీక్షకు అడ్డం పెట్టడు. కానీ ఆ ముప్పై నాలుగు పాఠాల హాజరు కొట్టేస్తాడు, గీత మళ్ళీ పద్దెనిమిదికి పోతుంది. హాల్ టికెట్లకు ఇంకా పదకొండు రోజులున్నాయి, అందులోపల మంజు తానే కూర్చుని చూసుకోవాలి. ప్రశ్నలు మాత్రం మళ్ళీ తెరవడు.

"ఒక్కరికి తెరిస్తే నూరు మందికి తెరవల్ల. మీరు భయపడింది నిజమేనమ్మా. చేసింది తప్పనేదీ నిజమే. ఆ మార్కులు పోయినట్టే."

"నా మార్కులు తీసేసుకోండి సార్" అంది నాగరత్న. అన్న తర్వాత గానీ, తనకు మార్కులంటూ లేవని ఆమెకు గుర్తుకు రాలేదు. మంజు కళ్ళు మూసుకుంది.

బయటికి వచ్చాక మంజు ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, పడేయడానికి చోటు కనబడక సంచీలోనే పెట్టుకుంది. మెట్ల కింద సెలీనా నిలబడి ఉంది. మంజు ఆమె ముందుకు పోయి ఏదో అనబోయింది, అనలేకపోయింది. సెలీనానే, "బండికి టైమైంది, నడువు" అంది. తిరుగు ప్రయాణంలో ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు. నాగరత్న ఎదురుగా కూర్చుంది. మంజు కిటికీలోంచి చూసింది, పుస్తకంలోకి చూసింది, తల్లి తల పక్కనున్న ఖాళీలోకి చూసింది. తల్లిని మాత్రం చూడలేదు.

బండి దిగి నాగరత్న ఇంటికి పోలేదు. నేరుగా జాయ్స్ ఇంటికి పోయింది. జాయ్స్ బియ్యం ఏరుతూ ఉంది, పక్కింటి ఇద్దరు ఆడవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు పోయిందాకా ఆగుదామనిపించింది. ఆగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు.

"జాయ్సూ, నీ బిడ్డ కాదు. నేను. నీ బిడ్డకి తెలిసీ నా పేరు చెప్పలా. కొళాయి తావ నువ్వు అడిగినప్పుడు నేను బిందె ఎత్తుకోని పోయినాను."

జాయ్స్ చేట కింద పెట్టింది. "అందరి ముందర నా పిల్లని దొంగని చేసి, ఇప్పుడు నా ఇంటికొచ్చి చెప్తావా? శుక్రవారం మళ్ళా నీళ్ళొస్తాయి. అక్కడ చెప్పు!"

నాగరత్న శుక్రవారం కొళాయి దగ్గర చెప్పింది. గట్టిగా చెప్పలేకపోయింది. వినబడలేదని వెనకనుంచి ఎవరో అంటే రెండోసారి చెప్పింది. ఒకరిద్దరు నవ్వారు. "పోనీలే, తల్లి మనసు" అంది ఒకామె. ఆ ఓదార్పు నవ్వుకంటే ఎక్కువ మంటపెట్టింది. జాయ్స్ తన బిందె నిండగానే నాగరత్న బిందెను కొళాయి కిందికి జరిపింది.

గోవిందప్పకు అంతా తెలిసింది. కోడలిని ఒక్క మాట అనలేదు. బచ్చప్ప కథ మాత్రం ఆ తర్వాత ఆ ఇంట్లో ఆయన చెప్పలేదు.

మంజు ఇల్లంతటితో మాట్లాడేది, తల్లితో తప్ప. "తాతా, అన్నం పెట్టమని చెప్పు" అనేది. నాగరత్న పెట్టేది. పగిలిన ఫోనులో పోర్టల్‌ను మంజు తీసేసింది. తీసేస్తున్నప్పుడు నాగరత్న చూసి, ముఖం తిప్పుకుంది.

సెలవులు మొదలైన మొదటి రోజు మంజు నేల మీద చాప పరుచుకుని, నోట్సు ముందు పెట్టుకుని, తన ఫోను నిలబెట్టింది. నాగరత్న మిషను దగ్గర తల వంచుకుని ఒక చీర అంచు పట్టుకుంది. గదిలో సారు గొంతు లేచింది. ఆమెకు తెలిసిన గొంతే. ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ గొంతు సవరించుకుంటాడో కూడా తెలుసు. వినకూడనిది వింటున్నట్టు అనిపించి ఆమె మిషను చక్రం వేగంగా తిప్పింది.

జగలి మీద నుంచి గోవిందప్ప అడిగాడు, "దొర మళ్ళా వచ్చినాడా?"

మిషను ఆడుతూనే ఉంది. మంజు రాసుకుంటూ ఉంది. కొంతసేపటికి ఆమె పెన్ను ఆగింది. తెర వైపు చూస్తూనే, తల తిప్పకుండా, చిన్నగా అంది.

"అమ్మా... నిజంగానే గుండీ లేదు."

మిషను ఆగింది. అయిదు రోజుల తర్వాత పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి 'అమ్మా' అది. ఏదో ఒకటి అనాలి, కనీసం ఆ తెర వైపైనా చూడాలి. నాగరత్న చేతిలోని అంచు వైపే చూస్తూ ఉంది. కుట్టు వంకరపోయింది. బ్లేడు తీసుకుని, తల ఎత్తకుండా, ఒక్కొక్క కుట్టే విప్పడం మొదలుపెట్టింది.